ఈత జట్టులో మూడో సీటు

ఛాయాదేవి అమెరికాలో అల్ఫారెట్టా అనే ఊళ్ళో ఆరేళ్ళు మా పక్కింట్లో ఉంది. నన్ను అక్కా అని పిలుస్తుంది. పుట్టింది బాపట్ల దగ్గర, చదివింది గుంటూరులో. లెక్కల మనిషి. పెద్ద పెద్ద పట్టికల్లో అంకెలు సరిచూసే ఉద్యోగం. పనిలో ఎంత నెమ్మదస్తురాలో మనసులో అంత భయస్తురాలు. ఇమిగ్రేషన్ ఆఫీసు నుంచి కవరు వస్తే తను తెరిచేది కాదు. నన్ను పిలిచి నా చేత చింపించి, చదివించుకుని, అప్పుడు ఊపిరి పీల్చుకునేది.

ఆ భయానికి కారణం ఉంది. ఆ ఇంట్లో వీసా తన పేరు మీద ఉంది. భర్త ప్రభాకర్, కూతురు వేద ఆ వీసాని ఆనుకుని ఉన్నవాళ్ళే. వేదని రెండేళ్ళప్పుడు ఎత్తుకొచ్చారు. ఆ పిల్లకి ఈ దేశం తప్ప ఇంకొకటి తెలియదు, కానీ కాగితాల ప్రకారం ఇక్కడి పిల్ల కాదు. ఛాయ ఉద్యోగం పోతే అరవై రోజుల్లో ఇంకొకటి దొరకాలి. లేకపోతే ముగ్గురూ పెట్టె సర్దుకోవాలి.

2023లో ఆ ఉద్యోగం పోనే పోయింది. ఒక మంగళవారం ఉదయం కంపెనీ వాళ్ళు పన్నెండు నిమిషాల వీడియో కాల్‌లో నాలుగు వందల మందికి సెలవు చెప్పేశారు. యాభై రెండో రోజున మసాచుసెట్స్ కొండల్లో ఉన్న ఎల్మ్‌స్టెడ్ అనే చిన్న కాలేజీలో అడ్మిషన్ల ఆఫీసు వాళ్ళు ఛాయని తీసుకున్నారు. జీతం సగం. ప్రభాకర్ అక్కడ ఒక మందుల గోడౌన్‌లో చేరాడు. వేద మొదటిసారి మోకాళ్ళ లోతు మంచు చూసింది.

ఎల్మ్‌స్టెడ్‌కి ఏటా పదివేల మంది అప్లై చేస్తే నాలుగు వందల యాభై మందికి చోటు దొరుకుతుంది. క్లాసులో మొదటి వరసలో ఉన్న పిల్లలని కూడా వెనక్కి పంపే కాలేజీ. అలాంటి చోట ఆటలు బాగా ఆడే పిల్లలకి ఇంకో దారి ఉంటుంది. జట్టు కోచ్ ‘ఈ పిల్ల నాకు కావాలి’ అని ఆఫీసుకి చెబితే ఆ అప్లికేషన్‌కి బలం వస్తుంది. అయితే కోచ్‌లు ఇష్టం వచ్చినంత మందిని అడగడానికి వీల్లేదు. అలాంటి తొమ్మిది కాలేజీలు కలిసి ఒక లీగ్‌గా ఏర్పడి హద్దులు పెట్టుకున్నాయి. కాలేజీ మొత్తం మీద అరవై ఆరుగురు. ఆడపిల్లల ఈత జట్టుకి ముగ్గురు. ఆ ముగ్గురిలో ఇద్దరి మార్కులు కాలేజీలో అందరికీ ఉండే స్థాయిలో ఉండాలి, దాన్ని పై వరస అంటారు. ఒక్కరికి మాత్రం కాస్త తగ్గినా ఫరవాలేదు, అది కింది వరస. ఏటా వసంతంలో ఈ లెక్కని తొమ్మిది కాలేజీలూ ఒకరిది ఒకరు చూసుకుంటాయి. ఎక్కడైనా ఒక్క పేరు ఎక్కువ కనిపిస్తే పరువు పోతుంది.

ఆ అరవై ఆరు పేర్ల పట్టికని ఛాయకి అప్పజెప్పారు. డైరెక్టర్ మార్గరెట్ హోల్ట్ అరవై దాటిన మనిషి, తక్కువ మాట్లాడుతుంది. మొదటి రోజే ఒక మాట చెప్పింది.

“కోచ్‌లు మీ దగ్గరికి వచ్చి నవ్వుతారు, బతిమాలతారు, ఒక్కోసారి అరుస్తారు. అంకె మాత్రం మారకూడదు.”

“మారదండీ,” అంది ఛాయ. ఆ మాట తనకి ధైర్యంగానే అనిపించిందట. అంకెలతో తనకెప్పుడూ గొడవ లేదు.

నిరుడు జూలైలో కోచ్‌లు పిల్లల మార్కుల పత్రాలు పంపారు. వాటిని చూసి ఎవరు పై వరస, ఎవరు కింది వరస అని ఛాయ పట్టికలో ఎక్కించాలి. దాన్ని బట్టి కోచ్‌లు పిల్లలకి ఫోన్లు చేసి ‘నీకు నా సపోర్ట్ ఉంది’ అని చెబుతారు. ఈత కోచ్ బ్రెండన్ అడిగిన ముగ్గురిలో ఒహాయో నుంచి మెగన్ అనే అమ్మాయి ఉంది, మార్కులు కాస్త తక్కువ, కింది వరస. రెండో అమ్మాయి కనెటికట్ నుంచి, పై వరస. మూడో పేరు నైనిక, టెక్సస్‌లో కాపెల్. ఇంటిపేరు చూడగానే తెలుగువాళ్ళని తెలిసిపోయింది. సరాసరి 97.1. పై వరసకి 94 చాలు. ఛాయ ఆ అంకె ఎక్కించింది, తరువాతి పత్రం తీసింది. ఆ రోజు నలభై ఒక్క పత్రాలు చూసింది.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం కాలేజీ పార్కింగ్‌లో, మెడలో ఆఫీసు కార్డుతో కారు దగ్గర నిలబడి ప్రభాకర్‌తో ఫోన్లో మాట్లాడుతుంటే వెనక నుంచి ఒకావిడ పలకరించింది.

“మీరు తెలుగువాళ్ళా అండీ? ఇంత దూరం వచ్చాక తెలుగు వినపడింది, ప్రాణం లేచొచ్చింది.”

ఆవిడ విజయశ్రీ. పక్కనే కాలేజీ చూడటానికి వచ్చిన ఆవిడ కూతురు నైనిక. పొడుగ్గా, వెడల్పాటి భుజాలతో ఉంది.

“హాయ్ ఆంటీ,” అంది పిల్ల. “నేను బ్రెస్ట్‌స్ట్రోక్ చేస్తాను. కోచ్ చాలా నైస్ ఉన్నాడు. పూల్ కూడా చాలా బాగుంది.”

“దీనికి ఏడేళ్ళప్పటి నుంచీ రోజూ తెల్లారకముందే లేచి ప్రాక్టీస్‌కి డ్రైవ్ చేస్తున్నానండీ,” అంది విజయశ్రీ. “కోచ్ సపోర్ట్ చేస్తానన్నారు. మీరు ఇక్కడే వర్క్ చేస్తారు కదా, ఇంక మాకు భయం లేదంటారా?”

తన పని ఏమిటో బయటివాళ్ళకి చెప్పకూడదు. ఛాయ చెప్పలేదు. అలాగని మొహం తిప్పుకుని వెళ్ళిపోలేకపోయింది. “కోచ్ చెప్పారంటే మంచిదేనండీ,” అంది. విజయశ్రీ వద్దంటున్నా వినకుండా కారులోంచి ఒక ప్లాస్టిక్ డబ్బా తీసి చేతిలో పెట్టింది. సున్నుండలు. ఇంటికి తీసుకెళితే వేద మూడు రోజుల్లో ఖాళీ చేసేసింది. ఛాయ నాకు ఫోన్లో కూడా చెప్పింది, “అక్కా, అచ్చం మా అమ్మ చేసినట్టే ఉన్నాయి,” అని.

అక్టోబర్ పదిహేడు, గురువారం. నవంబర్ ఒకటిన ఎర్లీ డెసిషన్ గడువు. పిల్లలు ఒకే ఒక్క కాలేజీని ఎంచుకుని, సీటిస్తే చేరతామని మాటిచ్చి పెట్టుకునే అప్లికేషన్ అది. కోచ్‌లు ఎంచుకున్న పిల్లలంతా దాని ద్వారానే వస్తారు. స్కూళ్ళ నుంచి తాజా పత్రాలు వస్తుంటే ఛాయ పట్టికతో సరిచూస్తోంది. నైనిక పత్రం తెరిచింది. పైన 97.1 ఉంది. దాని కింద చిన్న అక్షరాల్లో 90.6 అని ఇంకో అంకె.

ఆ స్కూలు రెండు సరాసరులు ఇస్తుంది. పైనున్నది కష్టమైన క్లాసులకి అదనపు మార్కులు కలిపినది. కిందిది మామూలుది. లీగ్ లెక్కకి మామూలుదే తీసుకోవాలి. మిగతా స్కూళ్ళన్నీ మామూలుది పైన వేస్తాయి కాబట్టి జూలైలో చెయ్యి అలవాటుగా పై అంకె మీదికి పోయింది.

90.6 అంటే కింది వరస. ఆ వరసలో ఉన్న ఒక్క సీటూ మెగన్‌ది. అంటే ఈత జట్టులో నైనికకి చోటు లేదు. జూలై నుంచీ లేదు.

ఛాయ పత్రం మూసి మళ్ళీ తెరిచింది. మూడుసార్లు లెక్క వేసింది. పెన్ను కింద పడినా తీసుకోలేదు. పక్క టేబుల్ అమ్మాయి “ఆర్ యూ ఓకే?” అని అడిగితే తలనొప్పి అని చెప్పి బాత్రూమ్‌కి వెళ్ళి కుళాయి విప్పి అలాగే నిలబడింది.

తప్పు చేశానన్న భయం కాదు మొదట వచ్చింది. అది ఎలా కనిపిస్తుందోనన్న భయం. అరవై ఆరు పేర్లలో తెలుగు పేరు ఒక్కటే. దొరికిన తప్పు కూడా ఒక్కటే, అది ఆ తెలుగు పేరుకి మేలు చేసేదే. పైగా పార్కింగ్‌లో నిలబడి మాట్లాడింది, డబ్బా తీసుకుంది. చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? కెమెరాలు ఉన్నాయి కదా! సున్నుండలంటే మిఠాయి అని వీళ్ళకి ఎవరు చెబుతారు? నోరు విప్పితే ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే మళ్ళీ ఆ అరవై రోజులు. ఈసారి మోసం చేసిందన్న పేరుతో వెతుక్కుంటే ఎవరిస్తారు ఉద్యోగం?

నోరు విప్పకపోతే ఏమవుతుందో కూడా తనకే తెలుసు. జూలైలో ఎక్కించిన అంకెని ఆఫీసులో ఇంకెవరూ మళ్ళీ చూడరు. వసంతంలో లీగ్ వాళ్ళు పేర్లు లెక్కపెడతారు గానీ ప్రతి పత్రం తెరిచి చూస్తారన్న నమ్మకం లేదు. చూడకపోవచ్చు. చూడవచ్చు కూడా.

ఆ రోజు ఏమీ చెప్పకుండా ఇంటికి వెళ్ళిపోయింది. శుక్రవారం ఆఫీసుకి వెళ్ళి, ఆ పేరు ఉన్న గడి మీదికి కళ్ళు పోకుండా పని చేసింది. మార్గరెట్ తలుపు రెండుసార్లు తెరుచుకుంది. రెండుసార్లూ ఛాయ డ్రాయరు తెరిచి ఏదో వెతుకుతున్నట్టు వంగింది.

శనివారం పొద్దున ప్రభాకర్‌కి చెప్పింది. అతను టీ కప్పు కింద పెట్టాడు.

“ఎవరికైనా తెలుసా?” అన్నాడు.

“తెలియదు.”

“నువ్వు కావాలని చెయ్యలేదు కదా. ఆ పిల్ల చేరితే ఎవరికేం నష్టం? తొంభై అంటే తక్కువ మార్కులా?”

“తక్కువ కాదండీ. కానీ రూల్...”

“వేదకి జూనియర్ ఇయర్, వచ్చే ఏడు కాలేజీలకి అప్లై చెయ్యాలి, ఛాయా. ఇప్పుడు మనం మళ్ళీ రోడ్డున పడితే?” ప్రభాకర్ అలాంటి మాట అనే మనిషి కాదు. ఆ మాట విన్నాక ఛాయకి తన భయం రెండింతలయింది.

అదే మధ్యాహ్నం ఫోన్‌లో ఆఫీసు మెయిల్ మోగింది. కాలేజీ వెబ్‌సైట్‌లో పేరు వెతుక్కుని విజయశ్రీ రాసింది. తెలుగు లిపిలోనే.

‘ఛాయగారూ, నమస్తే. ఆ రోజు మీరు చెప్పిన మాటతో మాకు కొండంత ధైర్యం వచ్చింది. నైనిక తనని అడిగిన ఇంకో రెండు కాలేజీల కోచ్‌లకి నో చెప్పేసింది. వేరే కాలేజీలకి ఎస్సేలు రాయడం కూడా ఆపేసింది. అప్లికేషన్ ఈ వారంలో సబ్మిట్ చేస్తుంది. మీ మేలు ఎప్పటికీ మరచిపోము.’

ఛాయ చివరి వాక్యం మళ్ళీ చదివింది. ‘మీ మేలు.’ ఆఫీసులో ఎవరైనా ఈ మెయిల్‌ని మెషిన్‌లో పెట్టి ఇంగ్లీషులోకి మార్చి చదివితే చాలు, ఇంకే సాక్ష్యం అక్కర్లేదు. వేలు డిలీట్ మీదికి వెళ్ళింది. వెళ్ళి అక్కడే ఉండిపోయింది. తుడిచేస్తే తుడిచేసినట్టు కూడా ఎక్కడో నమోదవుతుందని భయం. ఉంచితే ఉంచినందుకు భయం.

ఆదివారం నాకు ఫోన్ చేసింది. అప్పుడే నాకు సంగతంతా తెలిసింది. మాటలు ఒకదాని మీద ఒకటి పడిపోతున్నాయి.

“అక్కా, నేను రేపు చెప్పనా, అసలు చెప్పకుండా ఉండనా?”

“మెయిల్ మళ్ళీ ఒకసారి చదువు,” అన్నాను, ఆలోచించుకోవడానికి కాస్త టైమ్ దొరుకుతుందని. చదివింది. ‘నో చెప్పేసింది’ అన్న చోట ఆగిపోయింది.

“అక్కా, ఈ పిల్లకి ఇంక పన్నెండు రోజులే ఉన్నాయి,” అంది. “వసంతంలో బయటపడితే కాలేజీ సీటు వెనక్కి తీసుకున్నా తీసుకుంటుంది. అప్పుడు పిల్లకి ఇంకెక్కడా ఉండదు. గురువారమే చెప్పుంటే పదిహేను రోజులు ఉండేవి. నేను భయపడుతూ కూర్చుని మూడు రోజులు తినేశాను.”

సోమవారం తొమ్మిదింటికి మార్గరెట్ గది తలుపు తట్టింది. కూర్చోమంటే కూర్చోలేదు. కూర్చుంటే మళ్ళీ లేవలేనేమో అనిపించిందట. పత్రం, పట్టిక, రెండూ టేబుల్ మీద పెట్టి చెప్పింది. మార్గరెట్ కళ్ళద్దాలు పెట్టుకుని రెండు అంకెలూ చూసింది.

“ఎప్పుడు చూశారు?”

“గురువారం మధ్యాహ్నం.”

“ఈ రోజు సోమవారం.”

“అవునండీ.”

“ఈ కుటుంబం మీకు తెలుసా?”

ఛాయ దాచలేదు. పార్కింగ్ సంగతి చెప్పింది. డబ్బా సంగతి చెప్పింది. ఫోన్ తీసి మెయిల్ చూపించి, ఒక్కో వాక్యం ఇంగ్లీషులో చెప్పింది. చివరి వాక్యం దగ్గర ఆగింది. కృతజ్ఞతలు అని మెత్తగా చెప్పి ఊరుకోవచ్చు. కానీ “మీరు మాకు చేసిన సాయం ఎప్పటికీ మరచిపోము అని రాసింది,” అని ఉన్నదున్నట్టే చెప్పింది.

మార్గరెట్ కళ్ళద్దాలు తీసి టేబుల్ మీద పెట్టింది. “మీరు ఇంటికి వెళ్ళండి. లాప్‌టాప్ ఇక్కడే వదిలి వెళ్ళండి. మేం పిలిచేదాకా ఆ కుటుంబంతో ఒక్క మాట కూడా మాట్లాడకూడదు.”

మూడు రోజులు ఇంట్లో ఉంది. నిలబడ్డ చోట నిలబడలేక, తోమిన గిన్నె మళ్ళీ తోమి, ఉతికిన బట్టలు మళ్ళీ ఉతికి తిరిగింది. వీధిలో కారు ఆగితే కిటికీ దగ్గరికి పరిగెత్తేది. ప్రభాకర్ కాలెండర్‌లో అరవై రోజులు లెక్కపెడుతూ డిసెంబర్ పేజీ తిప్పి చూసి, ఛాయ రావడం చూసి మళ్ళీ వెనక్కి తిప్పేశాడు. వేదకి ఏమీ చెప్పలేదు గానీ ఆ పిల్లకి అర్థమయిపోయింది. స్కూల్ నుంచి వచ్చి “అమ్మా, మనం వెళ్ళిపోవాలా?” అని అడిగింది. “తెలియదమ్మా,” అంది ఛాయ. అబద్ధం చెప్పడానికి ఓపిక లేకపోయింది.

నాలుగో రోజు, శుక్రవారం, పిలిచారు. గదిలో మార్గరెట్‌తో పాటు డీన్, హెచ్‌ఆర్ మనిషి కూర్చుని ఉన్నారు. మూడు రోజుల్లో వాళ్ళు అరవై ఆరు పత్రాలూ మొదటి నుంచి చూశారు. ఇంకెక్కడా తప్పు లేదు. నైనిక పేరు పట్టికలో ఎక్కిన తేదీ జూలై పది, విజయశ్రీ ఛాయని కలిసింది ఆగస్టులో. కాలేజీకి వచ్చినవాళ్ళ రిజిస్టర్‌లో ఆ తేదీ ఉంది.

“తప్పు పొరపాటున జరిగిందని మాకు నమ్మకం కుదిరింది,” అన్నాడు డీన్. “నాలుగు రోజులు ఆలస్యం చేసినందుకు, డబ్బా సంగతి అప్పుడే చెప్పనందుకు హెచ్చరిక లెటర్ ఇస్తున్నాం. క్రీడల పట్టిక ఇంక మీరు చూడరు. ఉద్యోగం ఉంటుంది.”

ఛాయ థాంక్స్ చెప్పింది. “ఆ అమ్మాయి?” అని అడిగింది.

“బ్రెండన్ బుధవారం ఫోన్ చేశాడు,” అంది మార్గరెట్. “హద్దు హద్దే. ఒకరి కోసం దాటితే ఇంకో ఎనిమిది కాలేజీలు దాటుతాయి. మామూలుగా అప్లై చేసుకోవచ్చని చెప్పాం. తప్పు మాదేనని డీన్ స్వయంగా లెటర్ రాశారు.”

బయటికి వస్తుంటే మెట్ల దగ్గర బ్రెండన్ ఎదురయ్యాడు. ఎప్పుడూ నవ్వుతూ ఉండే మనిషి ఆ రోజు దారి ఇవ్వకుండా నిలబడ్డాడు.

“ఇరవై ఏళ్ళుగా కోచ్‌గా ఉన్నాను. ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవడం ఇదే మొదటిసారి,” అన్నాడు. “ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ‘చెప్పినందుకు థాంక్యూ కోచ్’ అంది. వెనకాల వాళ్ళమ్మ ఏడుపు వినపడింది.”

“నేను మాట్లాడవచ్చా వాళ్ళతో?”

“మీరు మాట్లాడకూడదు. మీకూ తెలుసు.”

వాళ్ళే మాట్లాడారు. శనివారం విజయశ్రీ దగ్గర్నుంచి ఇంకో మెయిల్ వచ్చింది. ఈసారి రెండే లైన్లు. ‘తప్పు ఎవరిదో మాకు ఎవరూ చెప్పలేదండీ. ఆ రోజు మీరు మంచిదే అన్నారు, మనవాళ్ళు కదా అని నమ్మాం.’ ఛాయ దాన్ని మార్గరెట్‌కి పంపించింది, రూల్ ప్రకారం. జవాబు రాయలేదు, అదీ రూల్ ప్రకారమే. ఆ వారమంతా అన్నం సయించలేదని ప్రభాకర్ నాకు చెప్పాడు.

ఉద్యోగం నిలిచింది కదా, భయం పోయిందా అని నేను క్రిస్మస్ సెలవుల్లో వెళ్ళినప్పుడు అడిగాను. లేదంది. ఇప్పుడు తన పని విదేశీ విద్యార్థుల పత్రాలు చూడటం. ప్రతి అంకె పక్క టేబుల్ అమ్మాయికి పైకి చదివి వినిపిస్తుంది, ఆ అమ్మాయి విసుక్కున్నా సరే. ఆఫీసుకి ఎవరైనా చాక్లెట్ తెచ్చినా ముట్టుకోదు. బజార్లో తెలుగు వినపడితే పక్క వరసలోకి తప్పుకుంటుంది. ఆ మాట చెబుతూ తనే సిగ్గుపడింది.

నైనిక ఎల్మ్‌స్టెడ్‌కి అప్లై చెయ్యలేదు. నవంబర్‌లోనూ, జనవరిలో మామూలు గడువుకీ వచ్చిన పేర్లన్నీ ఛాయ చూసింది, వాటిలో ఆ పేరు లేదు. తరువాత ఎక్కడికి వెళ్ళిందో చాలా నెలలు తెలియలేదు. ఈ సెప్టెంబర్‌లో ఒక ఆదివారం కాలేజీల ఈత జట్ల పేజీలు ఒక్కొక్కటే తెరుస్తూ కూర్చుంది. పంతొమ్మిదో పేజీలో కనిపించింది. మిన్నెసోటాలో ఒక కాలేజీ, మన దేశీలు పెద్దగా పేరు విని ఉండరు. ఫొటోలో నైనిక జట్టు చొక్కా వేసుకుని నవ్వుతోంది. కింద బ్రెస్ట్‌స్ట్రోక్ అని రాసి ఉంది.

ఛాయ ప్రభాకర్‌ని పిలిచి చూపించింది.

“పోనీలే, ఈదుతోంది కదా,” అన్నాడు అతను.

“ఈదుతోంది,” అంది ఛాయ. “తను కావాలనుకున్న చోట కాదు. అయినా ఈదుతోంది.”

వేద కూడా వచ్చి అమ్మ భుజం మీదుగా చూసింది. అప్పటి సంగతంతా తరువాత అమ్మే చెప్పింది. ఆ పిల్ల ఇప్పుడు సీనియర్, స్కూల్లో ఆఖరి ఏడు, తన అప్లికేషన్లు తనే రాసుకుంటోంది. ఫొటో చూసి, “తనేనా?” అని మాత్రం అడిగి, అమ్మ పక్కనే కుర్చీ లాక్కుని కూర్చుంది.